ఇసుక దగ్గర ముప్పై ఒకటి

జూన్ 27

ఆఫీసుకిచ్చే పుస్తకం వేరే ఉంది. దాంట్లో రోజుకు నాలుగు అంకెలు, ఒక సంతకం, అంతే. ఈ నోటుబుక్కు నాది. తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఈ ద్వీపంలో చదవగలిగినవాడు మా మరిది ఎర్రయ్య ఒక్కడే. వాడికి చదివే ఓపిక లేదు.

నా పేరు బడే నూకరత్నం. కళింగపట్నం దగ్గర మా ఊళ్లో మూడు వరసల ఇళ్లు సముద్రంలోకి పోయాక పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాను. మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక రిసార్టు. బీచికి నేను ఎండ అధికారిని. రోజూ ఉదయం ఐదింటికి, సాయంత్రం ఆరున్నరకు గాలిలో వేడీ తేమా కొలిచి జెండా ఎగరెయ్యాలి. తెల్ల జెండా అయితే అందరూ రావచ్చు. పసుపు అయితే అరగంట బయట, అరగంట నీడలో. నలుపు అయితే ఇసుక మీద మనిషన్నవాడు ఉండకూడదు. ఉదయం ఎనిమిది దాటాక, సాయంత్రం ఏడు లోపల ఏ జెండా ఉన్నా బీచికి తాళమే. ఆ వేళల్లో అతిథులంతా నేల కింద చల్లగదుల్లో ఉంటారు.

జెండా ఎగరేశాక గేటు దగ్గర నిలబడతాను. టోపీ ఉందా, క్రీము రాసుకుని ఇరవై నిమిషాలైందా, నీళ్ల సీసా నిండుగా ఉందా అని ఒక్కొక్కరినీ చూసి వదలాలి. ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు. ఇవాళ ఒక తండ్రి, కూతురికి ఏడేళ్లని అబద్ధమాడాడు. పిల్ల నా వైపు చూసి, ఐదు వేళ్లు చూపించింది.

పసుపు.

జూన్ 30

అంకెలు కలవడం లేదు.

లెక్కకు తీసుకునేది కొండ మీద, హోటలు పక్కన ఉన్న స్తంభం. దాని చివర యంత్రం ఉంటుంది. అది చెప్పిన అంకెనే నేను పుస్తకంలో ఎక్కించాలి. కానీ నేను శిక్షణ పొందినప్పుడు ఇచ్చిన చేతి థర్మామీటరు ఇంకా నా దగ్గరే ఉంది. దాని కొనకు తడిగుడ్డ చుట్టి గాలిలో గిరగిరా తిప్పాలి. తడిగుడ్డ ఎంత చల్లబడుతుందో, చెమట పట్టిన ఒళ్లు అంతే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండిపోతే గుడ్డా ఆరదు, ఒళ్లూ ఆరదు. ఆ తడి అంకె ముప్పై దాటితే నల్లజెండా.

ఇవాళ స్తంభం ఇరవై ఏడు అంది. ఇసుక మీద నా చేతిలో ఇరవై తొమ్మిది.

ఎర్రయ్యకు చెప్పాను. వాడు గొడుగుల బృందంలో పని చేస్తాడు. అతిథులు రాకముందే నాలుగు వందల గొడుగులు ఇసుకలో పాతాలి, వాళ్లు వెళ్లాక పీకాలి.

"కొండమీద గాలాడతాది గదా వొదినా. కింద మనకి ఏటుంది? ఆవిరి," అన్నాడు.

వాడు పదో తరగతి కూడా చదవలేదు. నాకు మూడు రోజులు పట్టిన సంగతి ఒక్క మాటలో తేల్చేశాడు.

జూలై 4

ఒక పెద్దావిడ నీళ్లలో స్పృహ తప్పింది. పేరు సిగ్రిడ్, డెబ్బై ఆరేళ్లు, ఎక్కడో ఉత్తరాది దేశం. లోతు లేదు, నడుం వరకే నీళ్లు. ఈత కాపలావాళ్లు మోసుకొచ్చి ఐసు తొట్టెలో పడుకోబెట్టారు. పావుగంటకు కళ్లు తెరిచింది.

నేను పక్కన కూర్చున్నాను. చెవిలో దుబాసీ యంత్రం ఆమె మాటలను తెలుగులోకి మార్చి చెబుతోంది.

"ఎనిమిదేళ్లప్పుడు ఇక్కడికే వచ్చాను. మధ్యాహ్నం పూట నీళ్లలోకి దిగితే వణికేవాళ్లం. అమ్మ తువ్వాలు పట్టుకుని ఒడ్డున నిలబడేది. ఇవాళ దిగితే, ఎవరో స్నానం చేసి వదిలేసిన నీళ్లలా ఉంది."

సముద్రం ముప్పై మూడు డిగ్రీలు. చల్లబడదామని దిగినవాళ్లను చల్లబరిచే శక్తి ఇప్పుడు దానికి లేదు. పైగా దాని మీంచి వచ్చే గాలే ఆ తేమను మోసుకొస్తోంది.

స్తంభం ఇరవై ఎనిమిదిన్నర. నా చేతిలో ముప్పై ఒకటికి రెండు గీతలు తక్కువ. జెండా పసుపు.

జూలై 5

మేనేజరు ఎలెని దగ్గరికి వెళ్లాను. యాభై ఏళ్ల మనిషి, ఇదే ద్వీపంలో పుట్టింది. కేకలు వేసే రకం కాదు. నా వారం రోజుల అంకెలూ శ్రద్ధగా చూసింది. అప్పటికప్పుడు మెకానిక్కును పిలిచి స్తంభం పరీక్ష చేయించింది. యంత్రంలో తప్పు లేదు.

"చూశావా రత్నం? అది సరిగ్గానే చెబుతోంది."

"అక్కడ సరిగ్గానే చెబుతోందమ్మా. మనుషులు అక్కడ లేరు, ఇక్కడున్నారు."

ఆమె కిటికీ తెర కొద్దిగా తీసి కింద ఊరు చూపించింది. తెల్ల సున్నం గోడల ఇళ్లు. సగం తలుపులు మేకులు కొట్టి మూసేసి ఉన్నాయి.

"సీజనులో పది నల్లజెండాలు పడితే బీచి అనుమతి రద్దవుతుంది. ఇప్పటికే ఆరు పడ్డాయి. బీచి లేకపోతే రిసార్టు లేదు. రిసార్టు లేకపోతే ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం నడవదు. ఆ ఇళ్లలో ఇంకా రెండు వందల మంది ఉన్నారు. వాళ్లు తాగేది ఆ నీళ్లే. మా అమ్మ కూడా వాళ్లలో ఉంది."

"పుస్తకంలో పక్కన నా అంకె కూడా రాస్తాను."

"పుస్తకంలో దానికి గడి లేదు," అంది. "చట్టం స్తంభాన్ని నమ్మమంది. నువ్వు దాన్నే రాయి. పాపం ఏదైనా ఉంటే చట్టానిది."

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

జూలై 9

మంచు కోట్లు గొడుగుల బృందం నుంచి తీసేసుకున్నారు. లోపల ఐసు పలకలు పెట్టి కుట్టిన చేతుల్లేని కోట్లు. సిగ్రిడ్ సంగతి తెలిశాక అతిథులు అవి తమకు కావాలని గొడవ చేశారట. ఉన్నవి అరవై. ఇప్పుడు గేటు దగ్గర ముసలివాళ్లకు నేనే తొడుగుతున్నాను.

ఎర్రయ్య, మిగతావాళ్లు గోనెగుడ్డలు తడిపి మెడకు చుట్టుకుంటున్నారు. తడి ఆరని చోట తడిగుడ్డ ఏం చేస్తుంది?

పనయ్యాక ఎర్రయ్య నా గదికి వచ్చి కూర్చున్నాడు. గంజిలో ఉప్పు కలిపి ఇచ్చాను. రెండు గ్లాసులు తాగాడు. చేతులు చూసుకుంటున్నాడు.

"ఏరా?"

"రెండు రోజులకాడినుంచి తలనొప్పి. నిన్న గొడుగులు లెక్కెడతంటే అంకె మర్సిపోనాను. మళ్లీ మొదటికొచ్చినాను."

"డాక్టరుకి సెప్పినావా?"

"సెప్తే పనికిరానని ఇంటికి పంపించెస్తారు. అక్కడికెల్లి ఏటి సేస్తాను? వల ఏసినా సేప నేదు. వొగ్గేయి వొదినా, నిద్ర సాలక అంతే."

వాణ్ణి ఇక్కడికి తెచ్చింది నేను. మా ఆయన చనిపోయాక నన్ను, నా కూతుర్ని వాడూ వాడి భార్య పైడితల్లీ తమ ఇంట్లో పెట్టుకున్నారు. ఇక్కడ ఖాళీ ఉందని తెలియగానే ఫోను చేసి, "రా ఎర్రయ్యా, కష్టం లేదు, గొడుగులు పాతడమే," అన్నాను.

జూలై 12

తొమ్మిదో నల్లజెండా పడింది. ఏడు, ఎనిమిదిలాగే ఇవాళా స్తంభమే ముప్పై దాటింది, కాబట్టి వాదన లేదు. నల్లజెండా ఎగరేస్తుంటే వెనక గొడుగులవాళ్లంతా నిలబడి చూశారు. అల్జీరియా నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు తలలు పట్టుకుని కూర్చున్నారు.

సాయంత్రం భోజనాలప్పుడు నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఎర్రయ్య ఒక్కడే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అన్నం కలిపాడు కానీ తినలేదు.

జూలై 14

ఇది మర్నాడు రాస్తున్నాను. నిన్న రాయలేకపోయాను. తేదీ మాత్రం నిన్నటిదే పెడుతున్నాను.

ఉదయం ఐదింటికి గాలి పూర్తిగా ఆగిపోయింది. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. థర్మామీటరు తిప్పాను. ముప్పై ఒకటి పైన నాలుగు గీతలు. నమ్మకం లేక గుడ్డ మార్చి మళ్లీ తిప్పాను. అంతే వచ్చింది. కొండ మీది స్తంభం ఇరవై తొమ్మిదీ ఆరు గీతలు అంది.

ఎండ అధికారికి ఒక హక్కు ఉంది. స్తంభం ఏమన్నా, ప్రాణాపాయం అనిపిస్తే సొంతంగా నల్లజెండా ఎగరెయ్యొచ్చు. శిక్షణలో మొదటి రోజు అదే చెప్పారు. నేను పెట్టెలోంచి నల్లగుడ్డ తీశాను. తాడుకు కట్టబోతుంటే ఎర్రయ్య పరుగున వచ్చాడు.

"వొదినా, ఇయ్యాళ నల్లది ఎత్తకు."

"ముప్పై ఒకటి దాటినాదిరా."

"స్తంభం ఏటంటంది?"

"ఇరవై తొమ్మిది."

"మరింకేటి? స్తంభం పసుపంటంటే నువ్వు నలుపు ఎత్తితే, పదోది నీ సేత్తో ఎత్తినావంటారు. అందర్నీ ఇంటికి తోలెస్తారు. ఈలంతా నిన్ను బతకనిస్తారేటి?" వెనక్కి చూశాడు. గొడుగులవాళ్లు దూరంగా నిలబడి ఉన్నారు. వాడిని వాళ్లే పంపించారని అర్థమైంది. "రెండు గంటల పనే గదా. బేగి సేసెసి నీడకొచ్చెస్తాం. నాను సూసుకుంటాను."

వాడి ముఖం చూశాను. ఎర్రగా ఉంది, కానీ పొడిగా ఉంది. ఆ వేడిలో ముఖం పొడిగా ఉండకూడదు. చెమట ఆగిపోవడం వడదెబ్బకు గుర్తు అని గేటు దగ్గర అతిథులకు రోజూ చదివి వినిపించేది నేనే.

నల్లగుడ్డ మడిచి పెట్టెలో పెట్టాను. పసుపు ఎగరేశాను. పుస్తకంలో ఇరవై తొమ్మిదీ ఆరు అని రాసి సంతకం చేశాను.

ఆరూ పదికి కేక వినిపించింది. మూడో వరసలో ఎర్రయ్య గొడుగు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాన్ని పాతడం లేదు. అటూ ఇటూ ఊపుతూ ఏదో అంటున్నాడు. దగ్గరికి వెళితే వినిపించింది.

"లాగండ్రా, లాగండి. వల బరువుగుంది."

"ఎర్రయ్యా, కూకో. ఇలా నీడకి రా."

నన్ను గుర్తుపట్టలేదు. "అమ్మా, తప్పుకో, తాడు తగుల్తాది," అన్నాడు. మోకాళ్ల మీద పడ్డాడు.

అల్జీరియా అన్నదమ్ములు కాళ్లు పట్టుకున్నారు, నేను భుజాలు పట్టుకున్నాను. ఐసు తొట్టె బీచి దగ్గర లేదు. సిగ్రిడ్ తర్వాత అతిథుల వైద్యశాలలోకి, కొండ మీదికి మార్చారు. మెట్లు నూట నలభై. మోస్తుంటే వాడి ఒళ్లు నా చేతులకు పొయ్యి మీంచి దించిన కుండలా తగిలింది. తొట్టెలో వేసేసరికి డాక్టరు కొలిచిన ఒంటి వేడి నలభై రెండున్నర.

తొమ్మిదింటికి పోయాడు. మళ్లీ మాట్లాడలేదు. వయసు ముప్పై నాలుగు.

జూలై 17

పని ప్రమాదాల విచారణ అధికారి ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చాడు. పేరు పెత్రోస్. సన్నగా ఉన్నాడు, వయసు మళ్లినవాడు. మెట్లెక్కి వచ్చినందుకు ఆయాసపడుతున్నాడు. ఆఫీసు పుస్తకం మొదటి పేజీ నుంచీ చదివాడు. అన్ని గడులూ నిండి ఉన్నాయి, అన్నిటి కిందా సంతకం ఉంది.

"చక్కగా రాశారు," అన్నాడు. "ఆ రోజు ఇరవై తొమ్మిదీ ఆరు. పసుపు జెండా. నియమం ప్రకారమే ఉంది. చనిపోయినాయనకు ఇంతకుముందు ఏదైనా జబ్బు ఉండేదా?"

ఎలెని నా పక్కనే కూర్చుని ఉంది. ఆమె వేళ్లు ఒళ్లో ముడిపడి ఉన్నాయి.

"జబ్బు ఉండవచ్చు అని రాసుకుంటాను," అన్నాడాయన. కలం తీశాడు.

వాడికి జబ్బు! పదహారో ఏట నుంచీ ఒంటిచేత్తో తెప్ప ఎత్తి నీళ్లలోకి తోసినవాడు.

"అయ్యా, రేపు కూడా ఉంటారా?" అని అడిగాను.

"మధ్యాహ్నం ఓడకు వెళ్తాను."

జూలై 18

ఉదయం ఈ నోటుబుక్కు పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. తెలుగు అక్షరాలు చూసి పెత్రోస్ అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. దుబాసీ యంత్రం ఈ రాతను చదవలేదు, మాటే వినగలదు. అందుకని నేనే పైకి చదవాల్సి వచ్చింది. జూన్ 27 నుంచి మొదలుపెట్టాను. ఐదు వేళ్లు చూపించిన పిల్ల దగ్గర ఆయన నవ్వాడు. ఆ తర్వాత నవ్వలేదు.

నల్లగుడ్డ మడిచి పెట్టెలో పెట్టాను అన్న వాక్యం దగ్గర చదవడం ఆపేశాను. ఆయన తొందరపెట్టలేదు. నీళ్లు ఇచ్చాడు. మళ్లీ అదే వాక్యం మొదటి నుంచి చదివాను.

అంతా అయ్యాక అడిగాడు. "ఇది నేను తీసుకుంటే మొదట శిక్ష పడేది ఎవరికో తెలుసా?"

"నాకే."

"మీ లైసెన్సు పోతుంది. కేసు కూడా పెట్టొచ్చు. విచారణ అయ్యేదాకా మీరు ఇల్లు చేరలేరు. నిన్నటి కాగితం మీద మీ తప్పేమీ లేదు. నేను ఇంకా సంతకం పెట్టలేదు, ఆలోచించుకోండి."

"ఈ తీరం పొడుగునా ఎన్ని స్తంభాలు కొండల మీద ఉన్నాయి?" అని అడిగాను.

"దాదాపు అన్నీ," అన్నాడు.

పేజీలన్నిటికీ ఫొటోలు తీసుకుని నోటుబుక్కు నాకు తిరిగి ఇచ్చాడు. బయటికి వస్తే వరండాలో ఎలెని నిలబడి ఉంది. విన్నదని తెలుస్తూనే ఉంది. తిడుతుందేమో అనుకున్నాను.

"మా అమ్మ ఈ ఊరు వదలనంటుంది," అంది. "ఎలా ఒప్పించాలో నాకు తెలియదు."

నాకూ తెలియదు. ఎలెని తల్లిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె ఇల్లు పోతే ఈ నోటుబుక్కే కారణం.

జూలై 22

జూలై 14ను పదో నల్లజెండాగా లెక్కగట్టి బీచి మూసేశారు. రిసార్టు కూడా నెలాఖరుకు మూత. అతిథులు మూడు ఓడల్లో వెళ్లిపోయారు. కింద ఊళ్లో మనుషులు బిందెలు, డబ్బాలు, స్నానాల తొట్లు కూడా బయటపెట్టి నీళ్లు నింపుకుంటున్నారు, యంత్రం ఆగేలోపు. కొందరు పరుపులు చుట్టి రేవులో పెట్టారు.

మా వసతిలో నా మంచం పక్క మంచాలు రెండూ ఖాళీ చేశారు. గొడుగులవాళ్లలో ఒకడు నా చెప్పులు తీసుకెళ్లి మెట్ల కింద పడేశాడు. తెచ్చుకుని తొడుక్కున్నాను. అల్జీరియా అన్నదమ్ముల్లో పెద్దవాడు మాత్రం వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగాడు. దుబాసీ లేదు, ఒకరి భాష ఒకరికి రాదు. ఎర్రయ్య పేరు చెప్పి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

శవపేటిక నిన్నటి ఓడలో వెళ్లింది. రేవు గేటు వరకే నన్ను రానిచ్చారు. నా పాసుపోర్టు పెత్రోస్ ఆఫీసులో ఉంది.

స్తంభాలతో పాటు ఇక మీద ఇసుక దగ్గర కూడా కొలవాలని తీరమంతటికీ తాత్కాలికంగా ఉత్తర్వు పంపారట. రిసార్టులవాళ్లు కోర్టుకు వెళ్లారట. రెండూ ఒకే రోజు తెలిశాయి.

జూలై 29

ఇవాళ ఊళ్లో ఎర్రయ్య దినం. పైడితల్లి ఫోను చేసింది. ఇన్ని రోజులూ నేను చేస్తే వాళ్ల అన్నయ్య ఎత్తి, పడుకుందనీ ఏడుస్తోందనీ చెప్పేవాడు. ఈ రోజు తనే చేసింది. వెనకాల గిన్నెల చప్పుడు, భోజనాలకు వచ్చినవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"అక్కా, తిన్నావా?" అంది ముందు.

"తిన్నానే."

"పేపరోడొచ్చినాడు. నీ పేరు సెప్పినాడు. నువ్వేదో రాసిచ్చినావంట. ఆడు సెప్పింది నాకు అర్థం కానేదు. నువ్వు సెప్పు."

చెప్పాను. స్తంభం సంగతి, చేతి థర్మామీటరు సంగతి, నల్లగుడ్డ బయటికి తీసి మళ్లీ లోపల పెట్టిన సంగతి. వాడి ముఖం పొడిగా ఉండడం చూశాననీ చెప్పాను. ఎత్తొద్దని వాడే బతిమాలాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పెత్రోస్ దగ్గర చదివాను, ఇక్కడ రాశాను. ఆమెకు చెబితే అది నన్ను కాపాడుకోవడానికి చెప్పినట్టే అవుతుంది.

పైడితల్లి మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక అడిగింది.

"నల్లది ఎత్తుంటే బతికుండునా?"

"ఉండును."

వెనక ఎవరో "పైడీ, ఇస్తరాకులు ఎక్కడెట్టినావే?" అని అడుగుతున్నారు. ఆమె వాళ్లకు జవాబు చెప్పలేదు. పెట్టేసిందేమో అనుకుని చూశాను. పెట్టెయ్యలేదు.

"అయ్య వొంట్లో బాగోక పోనాడని పిల్లలకి సెప్పినాను," అంది చివరికి. "నాను ఇంకేటీ సెప్పను. ఆలు పెద్దోలయ్యాక నువ్వే వొచ్చి సెప్పు. నా ఇంటికొచ్చి, నా ముందల కూకోని సెప్పు."

"సెప్తాను," అన్నాను.

అప్పుడు పెట్టేసింది.